ఏకోపాధ్యాయ ఇల్లు

మా ఊరి హైస్కూలు మూసేసిన రోజు లడ్డూలు పంచారు. మండల విద్యాధికారి పరాంకుశం గారు స్వయంగా వచ్చి గేటుకు తాళం వేసి, తాళంచెవిని పూల పళ్లెంలో పెట్టించుకుని ఫొటో దిగారు. బడి మూసేశారని ఎవరూ అనకూడదట. బడి మీ ఇంటికి నడిచి వచ్చిందనాలట. పథకం పేరు 'ఇంటింటా విద్యాలయం'. ఇక మీదట పిల్లలు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో చదువుకుంటారు. ట్యాబు, నెట్టు, పాఠాలు చెప్పే కంపెనీకి కట్టే ఫీజు, అన్నీ సర్కారు ఖజానా నుంచే వస్తాయి. తల్లిదండ్రులు చేయాల్సిందల్లా చప్పట్లు కొట్టడం.

నేనూ కొట్టాను. నా కూతురు నాగశిరీష ఆ ఏడే పదో తరగతికి వచ్చింది. వాళ్లమ్మ నరసమ్మ అంతకు ముందు ఆగస్టులో కామెర్లతో పోయింది. పెద్దకర్మ నాడు, వచ్చినవాళ్లు చేతులు కడుక్కోక ముందే, మా అక్క పేరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"ఒరే మాలకొండా, ఆడమనిషి లేని ఇల్లు. పిల్లని బడి మాన్పించు. పొయ్యి కాడ ఎవరో ఒకరు ఉండాల గందా."

ఉంటారు, నేనుంటాను అన్నాను. ఆ రోజు నుంచి అన్నం నేనే వండుతున్నాను. బాగుండదు. తింటున్నాం. నేను మా ఊరి బడిలోనే ఐదు దాకా చదివాను. ఆ పైన పొగాకు తోటలే. శిరీష పదో తరగతి పరీక్ష రాయాలి, పాసవ్వాలి. నాకు కావాల్సింది అదొక్కటే. ఇంకేం ఇచ్చినా నాకు అక్కర్లేదు. అక్కర్లేనివన్నీ ఇచ్చారు.

మొదట్లో ట్యాబు రాలేదు. స్కూళ్ల క్లస్టర్ ఆఫీసు నుంచి బాజీ అనే కుర్ర ఉద్యోగి మోటారు సైకిల్ మీద వస్తుంటాడు. మంచివాడే. ఏ ఉత్తర్వు వచ్చినా ముందు తనే భయపడి, తర్వాత మనల్ని భయపెడతాడు. అతన్ని అడిగితే ఆడిట్ వాళ్లు అడ్డం పడ్డారన్నాడు. ప్రజాధనం ప్రైవేటు మనిషి చేతికి ఇవ్వకూడదు. గుర్తింపు పొందిన పాఠశాలకే ఇవ్వాలి. పాఠశాలలేమో మూసేశాం. మరేం చేయాలని పైన కూర్చున్న పెద్దలు తలలు పట్టుకుని ఆలోచించి, చివరికి దారి కనిపెట్టారు. పాఠశాలలకు డబ్బు ఇచ్చి ఇళ్లలో చదివించడం కుదరదు కాబట్టి, ఇళ్లనే పాఠశాలలుగా గుర్తించాలి.

"మీ ఇంటిని బడిగా గుర్తించారన్నా" అని బాజీ గుమ్మం పక్కన ఒక రేకు బోర్డు కొట్టాడు. దాని మీద నా ఇంటి నంబరు, దాని కింద 'గృహ ఉన్నత పాఠశాల' అని ఉంది.

"మరి నేను?"

"మీరు హెచ్చెం."

బాజీ ఆ మాట నవ్వకుండా అన్నాడు. మరుసటి రోజు నుంచి అన్నా అనడం మానేశాడు. హెచ్చెం గారూ అనేవాడు. నేను గేదెకు మేత వేస్తుంటే కూడా అలాగే పిలిచేవాడు. గేదె తలెత్తి చూసేది.

ప్రతి ఇంటికీ సిబ్బంది లెక్క రాసుకున్నారు. తల్లీ తండ్రీ ఉన్న ఇల్లు ఇద్దరు ఉపాధ్యాయుల బడి. అవ్వా తాతా కూడా ఉంటే అదనపు సిబ్బంది. అత్తాకోడళ్లు మాట్లాడుకోని ఇంట్లో సిబ్బంది మధ్య సమన్వయ లోపం అని రాశారు. నా ఇంటి దగ్గరకు వచ్చేసరికి బాజీ కలం ఆపి నా మొహం చూశాడు. నేను గోడ మీది ఫొటో చూపించాను. 'ఏకోపాధ్యాయ పాఠశాల' అని రాసుకున్నాడు. దాని కింద, 'మహిళా పోస్టు ఒకటి ఖాళీ.'

నరసమ్మ లేని లోటును అంత తక్కువ మాటల్లో ఎవరూ చెప్పలేదు.

ట్యాబు వచ్చింది. శిరీష దాన్ని పాత చీర ముక్కలో చుట్టి బియ్యం డబ్బా మీద పెట్టుకుంది. మొదటి రోజు లెక్కల పాఠం తెరిచింది. తెర మీద సున్నా తిరిగింది. తిరుగుతూనే ఉంది. నెట్టు లేక కాదు. నెట్టు ఉంది, దానికి వేరే పని ఉంది.

గుర్తింపు పొందిన ప్రతి బడీ పొద్దున్నే కొన్ని ఫొటోలు పంపాలి. ఇల్లు బడే కాబట్టి మేమూ పంపాలి. ప్రార్థన ఫొటో. ప్రార్థనలో శిరీష ఒక వరస, నేను ఒక వరస. గంట కొడుతున్న ఫొటో. గంట లేదు కాబట్టి గేదె మెడలోది విప్పి కొట్టాను. హాజరు ఫొటో. హెచ్చెం మొహం ఫొటో, కళ్లు ఆర్పుతూ. మరుగుదొడ్డి ఫొటో లోపలి నుంచి ఒకటి, బయటి నుంచి ఒకటి, శుభ్రం చేయకముందు ఒకటి, చేశాక ఒకటి. మాది శుభ్రంగానే ఉంటుంది. అందువల్ల మొదటి ఫొటో తిరస్కరించారు. చేయకముందు కూడా శుభ్రంగా ఉండటం అనుమానాస్పదం అని వచ్చింది. ఆ తర్వాత నుంచి రోజూ ముందు కాస్త మట్టి చల్లి, ఫొటో తీసి, తర్వాత కడిగేవాళ్లం.

బాలురకు వేరే మరుగుదొడ్డి లేదేమని అడిగారు. మా బడిలో బాలురు లేరని రాశాను. బాలుర నమోదు ఎందుకు పడిపోయిందో కారణాలు తెలపమన్నారు.

మధ్యాహ్నం భోజనం ఫొటో. వారంలో కొన్ని రోజులు గుడ్డు కనిపించాలి. మొదట గుడ్డు చూపించాం. పెంకు తీయని గుడ్డును కోడిగుడ్డుగానే నమోదు చేస్తాం గానీ భోజనంగా పరిగణించలేం అన్నారు. పెంకు తీసి చూపించాం. విద్యార్థిని తింటున్నట్టు లేదన్నారు. శిరీష సగం కొరికి, నోరు తెరిచి, కదలకుండా కూర్చుంది. నేను ఫొటో నొక్కాను. అది పైకి ఎక్కేలోపు సైన్సు క్లాసు అయిపోయింది.

మా ఇద్దరికీ ఉన్నది ఒకే ట్యాబు. ఆ ట్యాబులో బడి నడుస్తున్నట్టు రుజువులు పంపడం అయ్యాక మిగిలిన నెట్టుతో బడి నడవాలి. మిగిలేది కాదు. శిరీష పాత పుస్తకాలు తీసుకుని, గేదెల కొట్టం ముందు నేల మీద పుల్లతో లెక్కలు చేసుకునేది. ఆ కొట్టాన్ని బాజీ ఆటస్థలంగా నమోదు చేశాడు.

ఆటస్థలం చూడ్డానికి పరాంకుశం గారు వచ్చారు. తనిఖీకి. కారు దిగుతూనే రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నేను పొలంలో ఉన్నాను. కబురు పెడితే పరుగెత్తుకుంటూ వచ్చేసరికి నా పేరు ముందు 'పాఠశాల వేళల్లో ప్రధానోపాధ్యాయుడు గైర్హాజరు' అని రాసేసి ఉంది. పొలం పోకపోతే పిల్లకు గుడ్డు ఎట్టా పెట్టాలి సార్ అని అడిగాను. దానికి ఆయన కోప్పడలేదు. బోధనేతర పనుల భారం అనేది రాష్ట్రవ్యాప్తంగా ఉన్న సమస్య అని, దాన్ని ఉన్నత స్థాయి దృష్టికి తీసుకువెళతానని అన్నారు.

ఆ రోజు అదృష్టం కొద్దీ పాఠం తెరుచుకుంది. ఇంగ్లీషు క్లాసు నడుస్తోంది. శిరీష వింటోంది. ఆయన వెనక నిలబడి కాసేపు చూసి, తనిఖీ యాపు ఈ ట్యాబులోనే తెరవాలి, దాన్ని ఆపమ్మా అన్నారు. ఆపింది. ఆయన తనిఖీ యాపు తెరిచి 'ఆన్‌లైన్ తరగతి జరగడం లేదు' అని నొక్కారు. ఆ సమయానికి అది నిజమే.

పిల్లను లేపి ఒక ప్రశ్న కూడా అడగలేదు. దానికి గడి యాపులో లేదట. కుర్చీలో కూర్చుని ఇల్లంతా ఒకసారి చూశారు. గోడ మీది నరసమ్మ ఫొటో దగ్గర ఆయన చూపు ఆగింది. మొహంలో వెలుగు వచ్చింది.

"ఈ ఖాళీ ఎప్పటి నుంచి?"

పోయిన ఆగస్టు సార్ అన్నాను.

ఆయన వేళ్ల మీద ఏవో నెలలు లెక్కవేసుకుని, బాజీని ఉత్తర్వు తీయమన్నారు. బాజీ తీశాడు. పథకం ఈ జూన్లో మొదలైనా, నిధులు మురిగిపోకుండా పోయిన విద్యా సంవత్సరం ఆరంభం నుంచే అమల్లో ఉన్నట్టు పరిగణించాలని అందులో ఉంది. అంటే మా ఇల్లు నాకు తెలియకుండానే అంతకు ముందు జూన్ నుంచి బడి. నేనూ నరసమ్మా మాకు తెలియకుండానే ఉపాధ్యాయులం.

"అయితే ఆవిడ సర్వీసులో ఉండగానే కాలం చేశారన్నమాట" అన్నారు పరాంకుశం గారు. "చాలా సంతోషం."

నా చేతికి అందేంత దూరంలో నీళ్ల చెంబు ఉంది. దాన్ని అక్కడే ఉండనిచ్చాను.

ఆయన వెళ్లేటప్పుడు విషయం చెప్పారు. మన మండలంలో ఏ పాఠశాలలోనూ ఖాళీ పోస్టు లేదని నివేదిక పంపితే జిల్లాలో మనమే ప్రథమం. ఒక్క మీ ఊరు నేరేడుకుంట మాత్రమే అడ్డు. అందులోనూ ఒక్క మీ ఇల్లు. దిగులు పడకండి, నేను చూసుకుంటాను అన్నారు.

నేను అప్పటికి దిగులు పడలేదు. ఆ తర్వాత పడ్డాను.

వినాయక చవితి వెళ్లాక ఒక పొద్దున పరాంకుశం గారు, బాజీ, సర్పంచి, ఫొటోలు తీసే మనిషి, ఒక శాలువా, మళ్లీ లడ్డూలు, మా ఇంటి ముందు దిగారు. వీధిలో జనం మూగారు. మా అక్క పేరమ్మ చీర మార్చుకుని మరీ వచ్చింది. శిరీషను ముందుకు రమ్మన్నారు. అది పుస్తకం చేతిలో పట్టుకునే వచ్చింది. ఆయన శాలువా కప్పి, గొంతు సవరించుకుని ఉత్తర్వు చదివారు.

"విధి నిర్వహణలో ఉండగా స్వర్గస్థులైన శ్రీమతి నరసమ్మ గారి స్థానములో, వారి ఏకైక కుమార్తె కుమారి నాగశిరీషను కారుణ్య నియామకము కింద, సదరు గృహ ఉన్నత పాఠశాల యందు మహిళా సహాయకురాలిగా నియమించడమైనది."

చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. శిరీష నా వైపు చూసింది.

"నాయనా, ఏందంటన్నాడు ఆయన?"

మీ అమ్మ ఉద్యోగం నీకిచ్చారంట అన్నాను. అమ్మ ఏం ఉద్యోగం చేసేది అని అడిగింది. విధులు ఉత్తర్వు వెనక వేశారు, అవి కూడా చదివారు. మధ్యాహ్న భోజనం తయారీ, పాత్రల శుభ్రత, తాగునీటి సరఫరా, మరుగుదొడ్డి నిర్వహణ, పశువుల వల్ల బోధనకు ఆటంకం కలగకుండా చూడటం, ప్రధానోపాధ్యాయుని అవసరాలు కనిపెట్టి ఉండటం. జీతం లేదు. గౌరవ సేవ. శాలువా అందుకే.

మా అక్క కళ్లు ఒత్తుకుంది. "నేను చెబితే ఇన్లేదు. గవుర్మెంటు చెబితే ఇంటావుగా" అంది నాతో.

నేను పరాంకుశం గారిని పక్కకు పిలిచి అడిగాను. పిల్ల పదో తరగతి చదువుతోంది సార్, పరీక్ష రాయాలి అన్నాను. ఆయన ఓపిగ్గా వివరించారు. ఒకే వ్యక్తి ఒకే పాఠశాలలో విద్యార్థినిగానూ, సిబ్బందిగానూ ఉండటానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. అందుకని విద్యార్థిని పేరు జాబితా నుంచి తొలగించారు. అలాగని చదువు ఆగిపోతుందని ఎవరన్నారు? అసలు ఈ పోస్టుకు పదో తరగతి పాసై ఉండాలి. మానవతా దృక్పథంతో మినహాయింపు ఇచ్చి, గడువులోగా పాసవ్వమన్నారు. పాసవ్వకపోతే మాత్రం సర్వీసు నుంచి తొలగిస్తారు.

"చదవకుండా పాసెట్టా అవుద్ది సార్?"

"సొంత సమయంలో చదువుకోవాలి. విధులకు భంగం కలగకూడదు."

"బడిలో పిల్లలే లేరు గదా. ఉన్న ఒక్కదాన్నీ మీరు తీసేశారు. ఇంక వంట ఎవరికి?"

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "సిబ్బందికి మాత్రం ఆకలి ఉండదా, హెచ్చెం గారూ?"

వెళ్తూ వెళ్తూ బాజీతో ట్యాబు తీయించారు. అది విద్యార్థుల కోసం ఉద్దేశించింది. మా బడిలో విద్యార్థుల సంఖ్య సున్నా. బడి మాత్రం ఉంటుంది. విద్యార్థులు లేని బడిని మూసేయాలి గదా సార్, ఊరిదాన్ని అట్టాగే మూశారు గదా అన్నాను. అది విద్యార్థులు తగ్గిన బడి, ఇది ఖాళీలు భర్తీ అయిన బడి, రెంటికీ తేడా ఉందన్నారు. మండలం జిల్లాలో ప్రథమం వచ్చిందని పేపర్లో పడింది. ఫొటోలో శిరీష తల కొంచెం కనిపించింది.

ఆ సాయంత్రం శిరీష శాలువా మడిచి పెట్టి పొయ్యి ముట్టించింది. నేను ఆర్పాను. మళ్లీ ముట్టించింది.

"ఊరుకో నాయనా. ఈ ఏడుకింతే. నాకేం బాధ లేదులే."

బాధ ఉన్నవాళ్లు అనే మాటే అది. నరసమ్మ కూడా ఆసుపత్రిలో అదే అంది. ఆ రాత్రి అన్నం శిరీషే వండింది. నా వంట కన్నా బాగుంది. నాకు మింగుడు పడలేదు.

నన్ను కాపాడింది మళ్లీ వాళ్లే. కొన్నాళ్లకు బాజీ మోటారు సైకిల్ మీద చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. పిల్ల పేరు జాబితాలోంచి తీసేశారు గానీ, తీసేసిన పిల్లకు టీసీ ఇచ్చినట్టు లేదట. పేరు తీసేశాక టీసీ జారీ కాకపోతే మండలం మొత్తానికీ ఎర్ర గుర్తు చూపిస్తుందట. ప్రథమ స్థానం పోతుందట. పరాంకుశం గారు అన్నం కూడా తినడం లేదట.

"ఇచ్చేయండి హెచ్చెం గారూ. ఈ రోజే ఇచ్చేయండి."

"ఎవరియ్యాల?"

"మీరే గందా. వేరే వాళ్లకు పవరు లేదు. సార్‌కు కూడా లేదు."

బాజీ ఖాళీ టీసీ కాగితం, రబ్బరు స్టాంపు, ఇంకు పెట్టె తనే తెచ్చాడు. నేను అరుగు మీద కూర్చున్నాను. ఐదో తరగతి అక్షరాలతో నిదానంగా నింపాను. ప్రవర్తన అన్న చోట 'మంచిది' అని రాశాను. చదువుతున్న తరగతి, పది. పాఠశాల వదులుటకు కారణం అన్న చోట బాజీ 'ఉద్యోగ నిమిత్తం' అని రాయమన్నాడు. ప్రధానోపాధ్యాయుణ్ణి నేనా నువ్వా అని అడిగాను. ఇంకు పెట్టె నా వైపు జరిపాడు. 'చదువు నిమిత్తం' అని రాశాను. సంతకం పెట్టి, స్టాంపు గట్టిగా అదిమాను. బాజీ దాన్ని ఫొటో తీసి పైకి పంపాడు. ఎర్ర గుర్తు పచ్చగా మారింది. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం, వేరువేరు కారణాలతో.

మరుసటి రోజు తెల్లారక ముందే ఆటో మాట్లాడి శిరీషను టౌనుకు తీసుకెళ్లాను. అక్కడ ఇంకా మూయని ఆడపిల్లల హైస్కూలు ఒకటి, దాన్ని ఆనుకుని హాస్టలు ఉన్నాయి. జూన్లో కూడా వెళ్లి అడిగాను. టీసీ తెమ్మన్నారు. అప్పుడు నాకు ఎవరూ ఇవ్వలేదు. పిల్లల పేర్లన్నీ గంపగుత్తగా పథకంలో వేశాం, విడిగా ఇవ్వడం కుదరదన్నారు. ఇప్పుడు తెచ్చాను.

అక్కడి హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు సర్దుకుని కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ బడి ఎక్కడుందండీ? నేనెప్పుడూ వినలేదే."

"మా ఇల్లేనమ్మా."

"ఈ హెచ్చెం ఎవరు?"

"నేనే."

ఆవిడ నన్ను చూసింది. నా పంచె చూసింది. స్టాంపు చూసింది. ప్రభుత్వ స్టాంపే. నవ్వలేదు. పదో తరగతి పరీక్షకు పేర్లు పంపే గడువు ఇంకా ఉంది, కూర్చోమ్మా అంది శిరీషతో. గుమాస్తాను పిలిచి రాసుకోమంది.

హాస్టలు గేటు దగ్గర శిరీష పెట్టె తీసుకుంది.

"నువ్వొక్కడివే ఎట్టా వండుకుంటావు నాయనా?"

"ఎప్పుడూ వండేదే గదా."

"అందుకే అడుగుతున్నా."

అని లోపలికి వెళ్లిపోయింది. గేటు మూశారు. ఆ గేటు మూయడం చూస్తే నాకు కోపం రాలేదు.

ఇంటికి వచ్చాక అక్క వారం పాటు నాతో మాట్లాడలేదు. ఉద్యోగం ఉన్న పిల్లను చదువుకు పంపిన తండ్రిని ఊరంతా వింతగా చూసింది. నేను ఎప్పట్లాగే పొలం పోతున్నాను, అన్నం మాడుస్తున్నాను. ఫొటోలు పంపడం మానేశాను. బోర్డు ఇంకా ఉంది. పీకడానికి అనుమతి కావాలట.

తర్వాత మెమో వచ్చింది. బాజీ చేతికివ్వలేక తలుపుకు అతికించి పోయాడు. కారుణ్య నియామకము పొందిన సహాయకురాలు ముందస్తు అనుమతి లేకుండా విధులకు గైర్హాజరగుచున్నట్లు ఈ కార్యాలయ దృష్టికి వచ్చినదనీ, దీనివల్ల సదరు పాఠశాలలో బోధనకు తీవ్ర విఘాతము కలుగుచున్నదనీ, సిబ్బంది ఎక్కడికి పోయినదీ ప్రధానోపాధ్యాయుడు తక్షణమే సంజాయిషీ ఇవ్వవలసిందనీ అందులో ఉంది. జవాబు మూడు ప్రతుల్లో పంపాలి. కారణం వివరంగా ఉండాలి.

మూడు కాగితాలు తీసుకున్నాను. మూడింటి మీదా ఒకటే రాసి, స్టాంపు వేసి పంపాను.

'బడికి పోయింది.'